విత్తనాల ప్యాకెట్ మీది ఊదా సజ్జ గారికి

మహారాజశ్రీ బొమ్మ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. కుశలమంతా తమరి వైపే ఉంది లెండి. నలభై రోజులైనా ప్యాకెట్ మీద తమరి ఊదా రంగు చెక్కుచెదరలేదు. బాల్కనీలో మూడు కుండీల్లో మొలిచినవి మాత్రం నిక్షేపంగా పచ్చగా ఉన్నాయి. పొద్దున పక్కింటి పిన్నిగారు ఆకు చూసే పోల్చుకుని, "ఏమ్మా, రొట్టెలకా?" అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

ఆవిడ తప్పేం లేదు. తమరు పెన్నిసెటం గ్లాకమ్. మన భాషలో సజ్జ. కాకపోతే తమరు రొట్టెలకి కాదు, ఊదా ఆకు అందానికి పెంచే రకం. కిలో సజ్జల్లో దాదాపు లక్ష గింజలుంటాయి, తమరి ప్యాకెట్లో పది. ధర మాత్రం రెండు కిలోలది. పోనీండి, గొప్పింటి వంశం. 2003లో అమెరికాలో కొత్త తోట రకాల్ని పరీక్షించి పతకాలిచ్చే ఆల్ అమెరికా సెలక్షన్స్ వాళ్లు తమరి రకానికి, అంటే పర్పుల్ మెజెస్టీకి, బంగారు పతకమిచ్చారు. కానీ నాలుగైదు అడుగులు పెరిగే ఆ రకాన్ని 'కాంపాక్ట్' అని అచ్చేసిన మహానుభావుడికి బాల్కనీ గ్రిల్లు ఎత్తెంతో తెలుసా? పొట్టిది కావాలంటే మూడడుగుల దగ్గర ఆగే పర్పుల్ బారన్ ఉంది. జేడ్ ప్రిన్సెస్ ఇంకా పొట్టి. దాని ఆకు లేతపచ్చ, కంకి ఒక్కటే ముదురు రంగు. అది కనీసం పచ్చగా ఉంటానని ముందే ఒప్పుకుంది.

అసలు బాధ రంగు. మొలకలు పచ్చగానే వస్తాయి. ఎండ నేరుగా తగిలాకే ఆకులో ఆంథోసయనిన్ అనే రంగు పదార్థం పేరుకుని ఊదా దిగుతుంది. రోజుకు ఆరు గంటల ఎండ. వెలుతురు కాదండీ, ఎండ. నీడ కోసం కట్టే షేడ్ నెట్ కింద పడేది లెక్కలోకి రాదు. తూర్పు బాల్కనీలో ఎనిమిదింటికొచ్చి, పదింటికి ఎదుటి అపార్ట్‌మెంట్ వెనక్కి వెళ్లిపోయే రెండు గంటల దయా చాలదు. ఈ సంగతి ప్యాకెట్ మీద లేదా అంటే, ఉంది. వెనక, ఆవగింజంత అక్షరాల్లో 'ఫుల్ సన్' అని. పక్కన నవ్వుతున్న సూర్యుడి బొమ్మ. ఆయన ఎవర్ని చూసి నవ్వుతున్నాడో ఇప్పుడర్థమైంది.

నీడలో పెరిగింది పచ్చగా ఉండి ఊరుకుంటుందా? కణుపుల మధ్య సాగి, కాడ సన్నబడి, ఒక్క ఈదురుగాలికి వాలిపోతుంది. పాపమని యూరియా చల్లితే ఆకు ఇంకా మెత్తబడి ఇంకా వాలుతుంది, రంగు మాత్రం రాదు.

అర సెంటీమీటరు లోతున వేస్తే మూడు నాలుగు రోజుల్లో మొలుస్తారు, అది ఒప్పుకోవాలి. కానీ నారు ట్రేలో మూడు వారాలు దాటామా, వేళ్లు చుట్టుకుపోతాయి. జానెడు మొక్కకే చిటికెన వేలంత కంకి వేసి పనైపోయిందంటారు. ఆ తర్వాత పన్నెండంగుళాల కుండీలో పెట్టినా ఎదుగూ బొదుగూ ఉండదు.

అసలు నువ్వు ఎక్కడ నిలబడి ఫొటో దిగావు? ఏ మేడ మీద, ఎవడి చేలో? ఆ ఎండలో సగం కూడా మా ఇంట్లో లేదని తెలిసీ మా మొహాన ఎందుకు నవ్వావు?

సరే. రెండు కుండీల్ని ఇవాళ మేడ మీదికి, ట్యాంకు పక్కకి ఎక్కిస్తున్నాం. మొదటి మూడు రోజులు పొద్దుటెండ మాత్రమే, లేకపోతే నీడలో పెరిగిన ఆకు మాడుతుంది. పైమట్టి అంగుళం ఆరితేనే తడి. రాబోయే ఆకు కాస్త ఊదాగా వచ్చినా, నీ నేరంలో సగం మాఫీ. కంకి వేశాక పిచ్చుకలూ చిలకలూ వస్తాయి. వల సంచి తొడిగితే అందం కనబడదు, తొడక్కపోతే వాటికి విందు. నీ పతకం సంగతి వాటికి తెలీదు.

మూడో కుండీ బాల్కనీలోనే ఉంటుంది. పిండి ఎప్పుడు పట్టిస్తారని పిన్నిగారు అడుగుతున్నారు.

ఇట్లు,
షేడ్ నెట్ కింది బాధితులు