వేగుచుక్క డ్రోన్‌లా కనిపించిన చలికాలం

2012 ఆగస్టు నుంచి 2013 ఫిబ్రవరి దాకా లద్దాఖ్‌లో పాంగాంగ్ సరస్సు దగ్గర కాపలా కాసిన మన జవాన్లు ఆకాశంలో గుర్తు తెలియని వెలుగులను 329 సార్లు నమోదు చేశారు. చైనా డ్రోన్లేమోనని అనుమానం. చివరికి బెంగళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ శాస్త్రవేత్తలను అడిగారు. వాళ్లు పరిశీలించి, అవి గురుడు, శుక్రుడు అని తేల్చారు.

ఈ వార్త చదివి నవ్వుకున్నవాళ్లు ఉన్నారు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. ఒక్కసారి ఆ జవాను నిలబడ్డ చోట నిలబడి చూడండి. దాదాపు 14 వేల అడుగుల ఎత్తు. దుమ్ము లేని పలచటి గాలిలో గ్రహం దీపంలా వెలుగుతుంది. ఆ చలికాలం గురుడు పొద్దుగూకే వేళకు తూర్పున లేచి రాత్రంతా ఉండేవాడు. తెల్లవారుజామున వేగుచుక్క, అంటే శుక్రుడు, అదీ తూర్పునే. చైనా ఉన్నదీ అటే. పైగా చీకట్లో ఒంటరి వెలుగును అదేపనిగా చూస్తుంటే, కదలకపోయినా కదిలినట్టే ఉంటుంది. అలా కన్నార్పకుండా చూడటమే అతని డ్యూటీ. 2013 ఏప్రిల్‌లో లద్దాఖ్‌లోనే ఉన్న దెప్సాంగ్‌లో చైనా సైనికులు నిజంగానే వచ్చి గుడారాలు వేశారు. అంత టెన్షన్‌లో ఉన్నవాడు "ఏదో చుక్కలే" అని వదిలేస్తే అదీ తప్పు.

శాస్త్రవేత్తలు అడిగింది చిన్న విషయం: చుట్టూ ఉన్న నక్షత్రాలతో పోలిస్తే ఆ వెలుగు ఎలా కదులుతోందో రాసిపెట్టమన్నారు. చుక్కలతో పాటే నడిస్తే ఆకాశానిది, వాటిని దాటుకుంటూ పోతే మన గాల్లో ఎగిరేది.

కెమెరా కూడా ఇలాగే మోసపుచ్చుతుంది. 2015లో అమెరికా నేవీ యుద్ధవిమానం తీసిన 'గో ఫాస్ట్' వీడియోలో ఒక చుక్క సముద్రాన్ని రాసుకుంటూ దూసుకుపోతున్నట్టు ఉంటుంది. 2023లో నాసా నిపుణుల బృందం తెర మీది అంకెలతోనే లెక్క కట్టింది. చుక్క ఉన్నది సుమారు 13 వేల అడుగుల ఎత్తున, వేగం గంటకు 65 కిలోమీటర్ల లోపు. గాలికి కొట్టుకుపోయే వస్తువుకు ఆ వేగం చాలు. కదిలే బస్సులోంచి చూస్తే కరెంటు స్తంభాలు వెనక్కి పరిగెత్తినట్టు, ఇక్కడ పరుగు చాలావరకు విమానానిదే.

అన్నీ ఇలా తేలవు. 2021లో అమెరికా నిఘా విభాగం పరిశీలించిన, ఆకాశంలో గుర్తు తెలియనివి కనిపించిన 144 ఘటనల్లో కచ్చితంగా తేలింది ఒక్కటే, గాలి పోతున్న పెద్ద బెలూన్. మిగతావన్నీ గ్రహాంతరవాసులవని ప్రచారం చేసేవాళ్లకు కొదవ లేదు. సరిపడా వివరాలు లేకపోవడమే అక్కడి ప్రధాన సమస్య.

2023 నవంబర్ 19న ఇంఫాల్ విమానాశ్రయం దగ్గర ఏదో కనిపించి విమానాలు గంటల తరబడి ఆగిపోయాయి. రఫేల్ యుద్ధవిమానాలు వెళ్లి వెతికినా ఏమీ దొరకలేదు. అక్కడ చూసినవాళ్ల వాంగ్మూలాలు, ఏ దిక్కున, ఎంత ఎత్తున, ఎన్ని నిమిషాలు అన్న వివరాలతో సహా ఖగోళ శాస్త్రవేత్తల చేతికి వెళ్లాలి. సరిహద్దులో ప్రతి పోస్టు గోడకూ ఆ నెల నక్షత్ర పటం ఒకటి ఉండాలి. పాంగాంగ్ ఉన్న లద్దాఖ్‌లోనే, హాన్లేలో, ఆ బెంగళూరు సంస్థ టెలిస్కోపు ఎప్పటినుంచో పనిచేస్తోంది. మొదటి పది రిపోర్టులకే అక్కడికి ఫోన్ చేసి ఉంటే లెక్క 329 దాకా వెళ్లేది కాదు.