ఊటకు దారి, లెక్కకు మనిషి

మట్టికట్ట ఉన్న ప్రతి జలాశయం నుంచీ ఎంతోకొంత నీరు ఊరుతుంది. కట్ట పోసిన ఇంజినీరుకూ, కట్ట కింద పొలమున్న రైతుకూ ఇది కొత్త సంగతేమీ కాదు. అయినా ఎక్కడ చెమ్మ కనిపించినా ‘సాధారణ సీపేజీ (ఊట), ఆందోళన అక్కర్లేదు’ అంటూ ఒకే ప్రకటన వెలువడుతుంది. సాధారణమో కాదో తేల్చాల్సింది కొలతలు. ప్రకటనలో అవి ఉండవు.

ఊట కట్టలోంచే రానక్కర్లేదు. చాలాచోట్ల చిక్కంతా కట్ట కింది నేలతోనే. పైన బంకమట్టి, దాని అడుగున ఇసుక, గులకరాళ్లు ఉన్నచోట జలాశయం ఒత్తిడి ఆ ఇసుక పొర వెంట పాకి, దిగువన కట్ట పాదం దగ్గర బంకమట్టిని కింది నుంచి పైకి తోస్తుంది. తోపు ఆ పొర బరువును మించితే నేల చిట్లి, నీటితోపాటు ఇసుక కుతకుతలాడుతూ పైకొస్తుంది. ఇసుక పోయినచోట బుంగ మొదలై జలాశయం వైపు తవ్వుకుంటూ పోతుంది. అమెరికాలోని ఐడహోలో 1976 జూన్ 5న టీటన్ డ్యాం వద్ద ఉదయం ఊట కనిపించింది. మధ్యాహ్నం అయ్యేసరికి కట్ట లేదు. 11 మంది చనిపోయారు. అక్కడి నేల వేరు, లోపం వేరు. కానీ బుంగ పడ్డాక మిగిలే వ్యవధి ఎంతో ఆ ఒక్క ఉదయం చూపించింది.

ఇసుక పొరలో పేరుకున్న ఒత్తిడికి విరుగుడే కట్ట దిగువన వరుసగా వేసే రిలీఫ్ వెల్స్, అంటే ఒత్తిడి తగ్గించే బావులు. బంకమట్టిని దాటి ఇసుకలోకి బోరు దించి, చీలికలున్న గొట్టం పెట్టి, చుట్టూ వడపోతగా సన్న కంకర నింపుతారు. మోటారుతో పనిలేదు. నీరు తన ఒత్తిడితో తానే పైకొచ్చి పక్క కాలువలో పడుతుంది, ఇసుక ఉన్నచోటే ఉండిపోతుంది.

ఆనకట్టల కింద ఈ పద్ధతిని మొదట వాడింది అమెరికాలోని మోంటానాలో, మిస్సోరి నది మీది ఫోర్ట్ పెక్ డ్యాం దగ్గర. ఊటను ఆపడానికి నేలలోకి ఉక్కు పలకల గోడ దించినా కట్ట దిగువన ఇసుక పొరలో ఒత్తిడి నేలమట్టానికి 45 అడుగుల పైదాకా నీటిని లేపగలిగేంతగా పెరిగింది. నేల కింది నీటి ఒత్తిడిని కొలిచే పీజోమీటర్లు ఆ సంగతి చెప్పాయి. పైకి కనిపించిన తొలి గుర్తు మాత్రం తీయకుండా వదిలేసిన ఒక పాత బావి గొట్టంలోంచి పొంగిన నీరు. 1942 జులై, 1943 సెప్టెంబరు మధ్య 21 బావులు వేశారు. వ్యవధి లేక, అక్కడే ఉన్న ఇనుప గొట్టాలను గ్యాస్ మంటతో చీల్చి దించారు. ఒత్తిడి తగ్గింది. అయితే గొట్టాలు తుప్పుపట్టి, 1946లో వాటి స్థానంలో 17 శాశ్వత బావులు వేయాల్సి వచ్చింది. మన జలవనరుల శాఖలు ఫోర్ట్ పెక్ నుంచి నేర్చుకోవాల్సింది ఆ తుప్పు గురించే.

ఎందుకంటే రిలీఫ్ వెల్ చప్పుడు లేకుండా చెడిపోతుంది. ఇనుమును తినే సూక్ష్మజీవుల జిగురు, సున్నపు పెచ్చు, సన్న మట్టి చేరి చీలికలు మూసుకుపోతాయి. కాలువలో పడే నీరు తగ్గుతుంది. చూసినవారు ఊట తగ్గిందని సంతోషిస్తారు. అసలు ప్రమాదం ఈ సంతోషంలోనే ఉంది. జలాశయంలో మట్టం మారకుండా బావి నీరు తగ్గి, పక్కనున్న పీజోమీటరులో నీరు పైకి లేస్తే, అది బావి పూడిందన్న కబురు. నీరు ఎక్కువొచ్చినా తేటగా ఉంటే కొంత నిబ్బరంగా ఉండవచ్చు. మడ్డిగా వస్తే ఆ రాత్రి ఎవరూ నిద్రపోకూడదు. ఈ తేడా పట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. పారే నీటిని కొలవడానికి కాలువకు అడ్డంగా వి-నాచ్ (‘వి’ ఆకారపు గాటున్న) పలక, ఒక స్కేలు, ఒక పుస్తకం, రోజూ వచ్చి రాసే మనిషి చాలు. ఆ మనిషే లేడు. కట్టను కనిపెట్టుకుని ఉండాల్సిన లస్కర్ల ఖాళీలు ఏళ్ల తరబడి ఉండిపోతాయి, వి-నాచ్ చుట్టూ తుమ్మ మొలుస్తుంది.

2023 అక్టోబరు 21న మేడిగడ్డ బ్యారేజీలో ఏడో బ్లాకు కుంగింది. పునాది కింద ఇసుక కదిలిపోయిందనీ, బ్యారేజీ వాడకంలోకి వచ్చాక తనిఖీ, నిర్వహణ సరిగా జరగలేదనీ జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ తేల్చింది. కొద్దిరోజులకే అన్నారం కింద కూడా బుంగలు బయటపడ్డాయి. బ్యారేజీకి మందు రిలీఫ్ వెల్ అని మేము అనడం లేదు. నేల కింది నీటిని పట్టించుకోని అలవాటు బ్యారేజీల దగ్గరా, మట్టికట్టల దగ్గరా ఒకటే.

బావులు అవసరమని తేలినచోట పని ఎవరి చేతికి ఇస్తున్నారన్నదీ చూడాలి. రాతినేలలో బోర్లు వేసే బండిని పిలిపించి ఇసుకలో గాలి కొట్టిస్తే నేల మరింత గుల్లబారుతుంది. కంకర పరిమాణం అక్కడి ఇసుకకు సరిపోవాలి. ఒత్తిడి ఎక్కువున్నచోట బోరు దించేటప్పుడే నీరు ఎగదన్నవచ్చు కాబట్టి వీలైనంతవరకు జలాశయ మట్టం తక్కువున్నప్పుడే పని జరగాలి. ఈ బావుల డిజైను, నిర్మాణం, నిర్వహణకు ఐఎస్ 5050 అనే భారతీయ ప్రమాణం ఉంది. టెండరులో మొదటి రెండింటికి డబ్బు దొరుకుతుంది. మూడోదానికి పద్దే ఉండదు.

ఆనకట్టల భద్రతా చట్టం 2021 డిసెంబరు 30న అమల్లోకి వచ్చింది. వానలకు ముందూ తర్వాతా తనిఖీ, పరికరాల రీడింగుల నమోదు తప్పనిసరి చేసింది. ఇప్పటికే ఉన్న పెద్ద ఆనకట్టలకు ఐదేళ్లలోగా స్వతంత్ర నిపుణులతో సమగ్ర మదింపు జరగాలంది. అంటే గడువు 2026 డిసెంబరు. 68 టీఎంసీల కండలేరు మొదలు 50 టీఎంసీల మల్లన్నసాగర్ దాకా పొడవాటి మట్టికట్టల కింద ఊళ్లున్నాయి. ఆ ఊళ్ల వారికి తమ కట్ట కింద ఊట నిరుటి కంటే పెరిగిందో తగ్గిందో తెలుసుకునే హక్కు ఉంది.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మేము అడిగేది స్పష్టం. ప్రతి మట్టికట్ట వద్ద జలాశయ మట్టం, ఊట పరిమాణం, పీజోమీటర్ల రీడింగులు ఒకే పట్టికగా నెలనెలా బయటపెట్టాలి, కింది గ్రామ పంచాయతీ బోర్డు మీద కూడా అంటించాలి. బావుల శుద్ధికి, వాటి సామర్థ్య పరీక్షకు విడిగా పద్దు పెట్టాలి. కట్ట మీద లస్కర్ల ఖాళీలను వచ్చే వానాకాలం లోపు నింపాలి.