ఉక్రెయిన్ యుద్ధం మన గుంట గట్టు దాకా వచ్చింది

నాలుగు రోజులుగా నెల్లూరు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మా అపార్ట్‌మెంట్ గ్రూపులో వచ్చింది, కాలేజీ నాటి స్నేహితుల గ్రూపులో వచ్చింది. ఆఖరికి రొయ్యల రైతుల గ్రూపులో కూడా పెట్టారని ఇందుకూరుపేట నుంచి మా బావ నాకు పంపించాడు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "ఉక్రెయిన్ యుద్ధం యూరప్ వాళ్ళ ఇంటి గొడవ. నాటో గుమ్మం దాకా వచ్చింది కాబట్టే రష్యా కొట్టింది. రష్యా గ్యాస్ లేకుండా యూరప్ ఒక్క చలికాలం కూడా గడపలేదు. ఆ దేశాలన్నీ అమెరికా ఆడించే బొమ్మలు, యుద్ధం ఆగితే మళ్ళీ అంతా మామూలే. మనకు మాత్రం చౌకగా చమురు దొరికింది, నష్టమేం లేదు."

ఇందులో అక్కడక్కడా నిజం ఉంది. అందుకే జనం ఇంత తేలిగ్గా నమ్ముతున్నారు. ఒక్కో మాటా తీసుకుని చూద్దాం.

"నాటో గుమ్మం దాకా వచ్చింది" అన్నది మొదటి మాట. నాటో అంటే అమెరికా, కెనడా, యూరప్ దేశాలు కలిసి పెట్టుకున్న సైనిక కూటమి. వచ్చిన మాట వాస్తవమే. 1999లో పోలండ్, హంగరీ, చెక్ దేశాలు చేరాయి. 2004లో మూడు బాల్టిక్ దేశాలూ (ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా) చేరాయి. 2008లో బుకారెస్ట్ సమావేశంలో, ఉక్రెయిన్ కూడా ఎప్పటికైనా సభ్యదేశం అవుతుందని మాటిచ్చారు. అయితే తేదీ ఏదీ చెప్పలేదు. 2022 ఫిబ్రవరి 24న రష్యా సైన్యం సరిహద్దు దాటే నాటికి కూడా ఆ తేదీ లేదు. ఇంకో సంగతి మెసేజ్ రాసినవాళ్ళు ఎత్తలేదు. సోవియట్ కాలం నాటి అణ్వాయుధాలను ఉక్రెయిన్ వదులుకున్నప్పుడు, దాని సరిహద్దులను గౌరవిస్తామని 1994లో బుడాపెస్ట్‌లో సంతకం పెట్టిన దేశాల్లో రష్యా ఒకటి.

నాటో దగ్గరికి రాకుండా ఆపడానికే యుద్ధమైతే, ఫిన్లాండ్ సంగతి ఏం చెబుతారు? ఆ దేశానికి రష్యాతో 1,340 కిలోమీటర్ల సరిహద్దు ఉంది. 1939లో సోవియట్ సైన్యం మీదపడితే మంచులో పోరాడి, కరేలియా ప్రాంతాన్ని పోగొట్టుకుని, దేశాన్ని మాత్రం నిలుపుకున్నారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు పక్కింటి పెద్దాయనతో పేచీ ఎందుకని ఏ కూటమిలోనూ చేరకుండా ఉండిపోయారు. యుద్ధానికి ముందు అక్కడ నాటోలో చేరాలనేవాళ్ళు నూటికి పాతికమంది. 2022 మే వచ్చేసరికి ఆ లెక్క డెబ్బై దాటింది. చేరడానికి అర్జీ పెడదామా అని పార్లమెంటులో ఓటు వేస్తే 188 మంది అవునన్నారు, 8 మంది కాదన్నారు. 2023 ఏప్రిల్ 4న ఫిన్లాండ్ చేరింది. రెండు వందల ఏళ్ళుగా ఏ పక్షానా లేని స్వీడన్ 2024 మార్చిలో చేరింది. నాటోకు రష్యాతో ఉన్న సరిహద్దు రెట్టింపు దాటింది. ఫిన్లాండ్ వాళ్ళను ఎవరూ చెయ్యి పట్టి లాక్కెళ్ళలేదు. పక్కవాడి ఇంటి మీద బాంబులు పడుతుంటే చూసి, మన వంతు ఎప్పుడో అని భయపడి వాళ్ళే వెళ్ళారు. చిన్న దేశాలకు సొంత బుర్ర ఉండదనుకునే వాదన ఎక్కడ విన్నా నాకు బాధగానే ఉంటుంది. వలసపాలనలో నలిగిన మనం ఆ మాట అనకూడదు.

ఇక గ్యాస్ సంగతి. 2021లో యూరోపియన్ యూనియన్ దిగుమతి చేసుకున్న గ్యాస్‌లో నూటికి 45 వంతులు రష్యాదే. గ్యాస్ ఆగిపోతుందన్న టెన్షన్‌తో 2022 ఆగస్టులో అక్కడి మార్కెట్లో మెగావాట్ అవర్ ధర 300 యూరోలు దాటింది. మామూలు రోజుల్లో అది 20 దగ్గర ఉండేది. ఫ్యాక్టరీలు ఉత్పత్తి తగ్గించుకున్నాయి, జర్మనీ పరిశ్రమ ఇప్పటికీ ఆ దెబ్బ నుంచి తేరుకోలేదు. ఇంతవరకు మెసేజ్ చెప్పింది సరే. కానీ చలికాలం గడిచిపోయింది. ఒకటి కాదు, వరసగా గడుస్తూ వచ్చాయి. ఓడల్లో వచ్చే ద్రవ గ్యాస్‌ను (ఎల్‌ఎన్‌జీ) దించుకునే టెర్మినల్ ఒక్కటి కూడా లేని జర్మనీ, విల్హెల్మ్స్‌హావెన్ రేవులో ఏడాది తిరక్కుండా ఒకటి కట్టి 2022 డిసెంబరులో ప్రారంభించింది. నార్వే గ్యాస్, అమెరికా గ్యాస్ ఆ లోటు చాలావరకు పూడ్చాయి. 2024కి రష్యా వాటా 19కి పడిపోయింది. ఉక్రెయిన్ మీదుగా వచ్చే పైపులైను 2025 జనవరి 1న ఆగింది. ఆ మరుసటి నెలలో బాల్టిక్ దేశాలు రష్యా కరెంటు గ్రిడ్ నుంచి తమ తీగలు తెంచుకున్నాయి.

దీనికి మూల్యం ఎవరు చెల్లించారన్నది మాత్రం మెసేజ్‌లో ఒక్క ముక్క లేదు. డబ్బున్న యూరప్ ఎక్కువ ధర పెట్టి ఎల్‌ఎన్‌జీ ఓడలను తన రేవులకు తిప్పుకుంటే, పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లు కొనలేక గంటల తరబడి కరెంటు కోతల్లో మగ్గాయి. యూరప్‌ను తప్పు పట్టదలిస్తే అదీ పట్టాల్సిన చోటు.

"అమెరికా ఆడించే బొమ్మలు" అన్న మాట 2022లో అన్నా కొంత అతికేది. అప్పుడు ఆయుధాల్లో పెద్ద వాటా అమెరికాదే. 2025 మార్చిలో అమెరికా ఉక్రెయిన్‌కు ఆయుధ సాయాన్ని కొన్నాళ్ళు నిలిపేసింది. ఆ వారంలోనే యూరోపియన్ యూనియన్ 800 బిలియన్ యూరోల రక్షణ ప్రణాళికను ముందుకు తెచ్చింది. అప్పు చేయడమంటేనే ఒప్పుకోని జర్మనీ, సైన్యం ఖర్చు కోసం రాజ్యాంగంలోని అప్పుల పరిమితిని సవరించుకుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత మొదటిసారి ఒక జర్మన్ బ్రిగేడ్‌ను పరాయి దేశంలో, లిథువేనియాలో శాశ్వతంగా నిలుపుతోంది. వాళ్ళలో వాళ్ళకు పేచీలు లేవని నేననను. హంగరీ పదేపదే అడ్డం పడింది, స్వీడన్ చేరికను చాలాకాలం పట్టి ఉంచింది. అయినా రాజ్యాంగాలు మార్చుకుని, పైపులు తెంచుకుని, సరిహద్దులో దళాలు నిలిపాక యుద్ధం ఆగిన మర్నాడే 2021 తిరిగొస్తుందా?

చివరిది, నన్ను ఇది రాయించిన మాట: "మనకు నష్టమేం లేదు."

2022 ఫిబ్రవరి చివర్లో మా వీధిలో ఒకావిడ నాలుగు రోజులు ఫోన్‌ను ఛార్జింగ్ వైరు నుంచి తీయలేదు. వాళ్ళబ్బాయి ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదువుతున్నాడు. "అమ్మా, కిందగదిలో ఉన్నాం, నీళ్ళు అయిపోతున్నాయి" అని చివరి కాల్. ఆ తర్వాత ఒకటిన్నర రోజు ఉలుకూ పలుకూ లేదు. అదే ఊళ్ళో మార్చి 1న కర్ణాటక విద్యార్థి ఒకరు షెల్లింగ్‌లో చనిపోయారన్న వార్త టీవీలో వచ్చినప్పుడు ఆవిడ పక్కన కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. వీళ్ళబ్బాయి పోలండ్ మీదుగా ఇల్లు చేరాడు. ఆ రోజుల్లో ఉక్రెయిన్ నుంచి వెనక్కి వచ్చిన భారతీయులు 22 వేలకు పైనే. ఎక్కువమంది ఇలాంటి పిలకాయలే.

అదే మార్చిలో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ కోసం కొట్టుకు వెళ్తే, మనిషికి రెండే అన్నారు. మన దేశం కొనే పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం అప్పటిదాకా ఉక్రెయిన్‌దే. నల్లసముద్రం రేవులు మూతపడితే, కృష్ణపట్నం రేవు పక్కన పంటపాళెంలో నూనె శుద్ధిచేసే ఫ్యాక్టరీలున్న మన జిల్లాలో కూడా లీటరు రెండు వందల దాకా పోయింది.

చౌక చమురు వచ్చింది, కాదనను. యుద్ధానికి ముందు మన దిగుమతుల్లో రెండు శాతం కూడా లేని రష్యా చమురు తర్వాత మూడో వంతు దాటింది. కానీ నెల్లూరు బంకులో పెట్రోలు వంద రూపాయల కిందికి ఎప్పుడు దిగింది? ఆ చమురు కొంటున్నందుకే అని చెప్పి అమెరికా 2025 ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. ముందున్నదానితో కలిపి అప్పట్లో 50 అయింది. రొయ్యలకు యాంటీ డంపింగ్ (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసే సుంకం) లాంటి పాత సుంకాలు దీనికి పైన. మన రొయ్యకు అన్నిటికంటే పెద్ద మార్కెట్ అమెరికానే. పోటీకి ఉన్న ఈక్వెడార్‌కు అప్పుడు అంత భారం లేదు.

యూరప్ కూడా ఈ యుద్ధంలోనే మన వైపు తిరిగింది. 2013లో ఆగిపోయిన వాణిజ్య చర్చలు 2022 జూన్‌లో మళ్ళీ మొదలై, 2026 జనవరిలో ఒప్పందం దాకా వచ్చాయి. రష్యాను నమ్ముకుని దెబ్బతిన్నవాళ్ళు కొత్త తోడు వెతుక్కుంటున్నారు. ఇది మనకు మంచి అవకాశమే. అయితే ఆ మంచి ఆ ఆగస్టులో మా బావకు అందలేదు.

అప్పుడొక రోజు నేను వాళ్ళ రొయ్యల గుంట గట్టు మీదే ఉన్నాను. గుంట పట్టుబడికి వచ్చింది, రొయ్య 40 కౌంట్‌లో (కిలోకు నలభై తూగేలా) ఉంది. కొనే ఆయన ఫోన్ చేసి ముందు అనుకున్న ధర మీద కిలోకు నలభై తగ్గించాడు. "నాల్రోజులు ఆగుదాం బావా" అన్నాను. బావ నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్న వైపు చూపించి, "ఆగితే మేత, కరెంటు. ఈ వానకి వైట్ స్పాట్ జబ్బు వస్తే మొత్తం పాయె" అన్నాడు. ఆ రాత్రే లైట్లు పెట్టి వల లాగించారు. మేత కొట్టు బాకీ పూర్తిగా తీరలేదు, మిగిలింది తర్వాతి పంటకు వడ్డీతో తోశారు.