'ప్రశ్న ఉత్పన్నం కాదు' గారికి ఓ బహిరంగ లేఖ

మహారాజశ్రీ 'ప్రశ్న ఉత్పన్నం కాదు' గారి సముఖమునకు,

ప్రభుత్వాలు మారాయి, మంత్రులు మారారు, తమరి కొలువు మాత్రం చెక్కుచెదరలేదు. 'చట్టం తన పని తాను చేసుకుపోతుంది', 'నా మాటలు వక్రీకరించారు' అంటూ టీవీ మైకుల ముందు గొంతు చించుకునే తమరి చుట్టాలది రోజుకూలీ బతుకు. తమరిది రాతపని. కేక లేదు, చెమట లేదు. పార్లమెంటు ప్రశ్నలకు మంత్రులిచ్చే జవాబు కాగితం అడుగున మూడు మాటలు, అంతే.

తమరి పనితనం తెలియనివాళ్లూ ఉన్నారు. పార్లమెంటు సభ్యుడు కనీసం 15 రోజుల ముందు నోటీసిచ్చి ప్రశ్నను ముక్కలు చేసి అడుగుతాడు. అ) ఫలానా ఘోరం జరిగిందా? ఆ) జరిగితే బాధ్యులెవరు? ఇ) పరిహారం ఎంత? ఆ 'జరిగితే' పక్కనే తమరు కాచుకుని ఉంటారు. మొదటి ముక్కకు 'లేదండి' అని రాస్తే కిందవన్నీ వాటంతటవే రాలిపోతాయి. రేపు అది అబద్ధమని తేలితే సభను తప్పుదోవ పట్టించారంటూ సభాహక్కుల నోటీసు వచ్చే బెడద ఉంది కాబట్టి, తెలివైన శాఖలు 'అలాంటి వివరాలు మా దగ్గర లేవు' అంటాయి. ఫలితం అదే.

2020 సెప్టెంబరు 14న లోక్‌సభలో చూశాం కదా. లాక్‌డౌన్‌లో ఇళ్లకు పోతూ చనిపోయిన వలస కూలీల సంగతి అడిగితే, కార్మిక శాఖ లెక్కలు లేవంది. బాధిత కుటుంబాలకు పరిహారం అనగానే తమరు దయచేశారు. అదే వారం రైల్వే శాఖ, వలస కూలీలను ఇళ్లకు చేర్చిన శ్రామిక్ రైళ్లలో 97 మంది చనిపోయారని రాజ్యసభకు చెప్పేసింది! పక్క శాఖకు ఫోన్ చేయకపోతే వచ్చే తంటా ఇదే.

2021 జులై 20న ఆరోగ్య శాఖ రాజ్యసభకు ఇచ్చిన జవాబు మరీ నాజూకు. కోవిడ్ రోగులు ఆక్సిజన్ కొరతతో చనిపోయినట్లు రాష్ట్రాలు 'ప్రత్యేకంగా' తెలపలేదట. అప్పటికి తిరుపతి రుయా ఆసుపత్రిలో 11 మంది ప్రాణాలు పోయి రెండు నెలలు దాటింది. ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ నివేదిక అందాక, 10 కిలోలీటర్ల ఆక్సిజన్ ట్యాంకు నింపడానికీ బ్యాకప్ మానిఫోల్డ్ (ప్రత్యామ్నాయ ఆక్సిజన్ సరఫరా ఏర్పాటు) ఆన్ చేయడానికీ మధ్య గొట్టాల్లో ప్రెషర్ పడిపోయినట్లు తోస్తోందని కేంద్రం సభకు చెప్పింది. కొరత కాదు సుమండీ, ప్రెషర్.

తమరి తమ్ముడు 'సమాచారం సేకరిస్తున్నాం' ఇంత గడుసువాడు కాడు. వాడు నోరు విప్పితే అది ప్రభుత్వ హామీ కింద జమ. మూడు నెలల్లో తీర్చాలి, లేదా ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారో లేదో చూసే సభ హామీల కమిటీ దగ్గర గడువు కోసం చేతులు కట్టుకు నిలబడాలి. తమరు ఏ హామీ ఇవ్వరు, కాబట్టి ఏ కమిటీ పిలవదు. పైగా లోక్‌సభలో రోజుకు 230 దాకా వచ్చే నక్షత్రం లేని ప్రశ్నలకు కాగితం మీదే జవాబు, అనుబంధ ప్రశ్నల బాధే లేదు. మంత్రి నోటితో జవాబివ్వాల్సిన నక్షత్రం గుర్తువి 20 ఉన్నా, ప్రశ్నోత్తరాల గంటలో ఆ జవాబు దాకా వచ్చేవి కొన్నే.

ఒక్క హెచ్చరిక. 'జరిగితే' అన్న మాట లేకుండా ప్రశ్న రాయడం కొందరు సభ్యులు నేర్చుకుంటున్నారు. అ) మరణాల లెక్క రాయాల్సిన అధికారి ఎవరు? ఆ) ఏ రిజిస్టరులో రాయాలి? ఇ) రాయనివారిపై తీసుకున్న చర్య ఏమిటి? దేనికది విడిగా నిలబడుతుంది, ఏదీ రాలిపోదు. అలాంటి కాగితం శాఖలో జవాబు రాసే సెక్షన్‌కు వచ్చిన రోజు తమరు సెలవు పెట్టి తమ్ముణ్ని పంపించండి.

ఇట్లు,
తమరి జవాబులు అడుగుదాకా చదివే ఓ ఓటరు