ఇంటి ఫోన్ రౌటర్‌లోకి వచ్చింది, తాళంచెవి మాత్రం కంపెనీ దగ్గరే ఉంది

ఫైబర్ కనెక్షన్ ఉన్న ఏ ఇంటికైనా వెళ్లి, మీ రౌటర్ పాస్‌వర్డ్ ఏమిటని అడిగి చూడండి. వెంటనే వైఫై పాస్‌వర్డ్ చెబుతారు. నేను అడుగుతున్నది అది కాదు. రౌటర్ లోపలి సెట్టింగ్స్ తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్ వేరే ఉంటుంది. ఇంటర్నెట్ లాగిన్ మరొకటి. ఫోన్ లైన్‌కు సంబంధించిన లాగిన్ ఇంకొకటి. ఈ మూడూ చెప్పగలిగిన ఇల్లు నాకైతే చాలా అరుదుగా కనిపించింది. అలాగని ఇది జనం అజ్ఞానం కాదు. చాలా కంపెనీలు ఆ వివరాలు తమంతట తాము ఇవ్వవు, ఇవ్వాలని మన దేశంలో ఎవరూ గట్టిగా అడగరు. ఇంట్లో ఫోన్ కూడా ఆ పెట్టె మీదే ఆధారపడ్డాక ఈ పరిస్థితి ఇలాగే కొనసాగడానికి వీల్లేదని నా వాదన.

రాగి తీగ పోయి ఫైబర్ ఎలా వచ్చిందో పాఠకులకు తెలిసిందే. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడూ ఒకే తీగ మీద ఇస్తామంటూ మొదలైంది. 2019 సెప్టెంబరులో జియోఫైబర్ వచ్చింది. మిగతా కంపెనీలూ, బీఎస్ఎన్ఎల్ కూడా అదే దారి పట్టాయి. ల్యాండ్‌లైన్ ఇప్పుడు బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్‌తో పాటు ఉచితంగా వచ్చే వస్తువైపోయింది. ఉచితం కాబట్టి దాని గురించి అడిగేవాళ్లు తగ్గిపోయారు.

అసలు మార్పు జరిగింది ఇంటి లోపల. పాత రోజుల్లో ఫోన్‌కు కావలసిన తెలివంతా ఎక్స్ఛేంజిలో ఉండేది. మన ఇంట్లో ఉన్నది రెండు తీగలు, ఒక పరికరం. కరెంటు కూడా అక్కడి నుంచే వచ్చేది. ఎక్స్ఛేంజిలోని బ్యాటరీల నుంచి 48 వోల్టుల డీసీ ఆ తీగల మీదుగా వచ్చి ఫోన్‌ను నడిపేది. ఊరంతా చీకటైనా డయల్ టోన్ వినిపించేది అందుకే. ఇప్పుడు గోడకు తగిలించిన ఓఎన్‌టీ పెట్టె, అంటే మనం రౌటర్ అని పిలిచే ఆ ఫైబర్ పెట్టే, ఎక్స్ఛేంజి చేసే పనిలో చాలా భాగం తనే చేస్తోంది. ఫైబర్‌లో వచ్చే వెలుగును డేటాగా మారుస్తుంది, మన మాటను డిజిటల్ ముక్కలుగా కోస్తుంది, కంపెనీ సర్వర్‌లో మన నంబర్‌ను రిజిస్టర్ చేస్తుంది, ఫోన్ మోగడానికి కావలసిన వోల్టేజీని కూడా తనే పుట్టిస్తుంది. ఎక్స్ఛేంజిలో ఒక ముక్క మన హాల్లోకి వచ్చి కూర్చుంది. దాన్ని అక్కడ పెట్టేది మాత్రం గబగబా పని ముగించుకుని ఇంకో ఇంటికి పరుగెత్తాల్సిన ఒక కుర్రాడు.

ఆ కుర్రాడి తప్పేమీ లేదు. వాడికి రోజుకు ఇన్ని కనెక్షన్లని లెక్క ఉంటుంది. వస్తాడు, ఫైబర్ తీగను అతుకుతాడు, మీటర్ పెట్టి అందులో వెలుగు సరిపడా వస్తోందా లేదా చూస్తాడు, కిటికీ దగ్గరో టీవీ వెనకో పెట్టె తగిలిస్తాడు. మీ మొబైల్‌లో స్పీడ్ టెస్ట్ చూపించి, "నెట్ వస్తోంది కదా సార్" అని వెళ్లిపోతాడు. ఫోన్ పోర్టు ఎవరికీ గుర్తుండదు. ఆ పెట్టె వెనక నెట్ తీగ పెట్టే నాలుగు చదరపు రంధ్రాల పక్కన ఇంకాస్త చిన్న రంధ్రం ఒకటి ఉంటుంది. పాత ల్యాండ్‌లైన్ తీగ పట్టేది అందులోనే. పైన ఫోన్ గుర్తుతోనో టెల్ అనో ఒక లైటు ఉంటుంది. అది నిలకడగా వెలగకపోతే ఫోన్ సర్వర్‌తో రిజిస్టర్ కాలేదని అర్థం. నెట్ ఎంత బాగా వస్తున్నా సరే, ఆ ఇంటి ల్యాండ్‌లైన్ చచ్చినట్టే. కాబట్టి అతను ఇంట్లో ఉండగానే ఒక ఫోన్ తగిలించి, డయల్ టోన్ విని, బయటికి ఒక కాల్ చేసి, బయటి నుంచి ఒక కాల్ రప్పించుకోవాలి. రెండూ చూడాలి, ఎందుకంటే కాల్ వెళ్లి, రాకపోవడం కూడా జరుగుతుంది.

పాత ఇళ్లలో హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి ప్యారలల్ ఫోన్లు పెట్టుకున్న తీగలు ఇంకా గోడల్లోనే ఉన్నాయి. వాటిని పారేయనవసరం లేదు. ఓఎన్‌టీ ఫోన్ పోర్టు నుంచి ఒక తీగను గోడ మీది పాత ఫోన్ సాకెట్‌కు (రోసెట్) కలిపితే అన్ని గదుల్లోనూ పాత ఫోన్లే మోగుతాయి. ఒక్క జాగ్రత్త ఉంది. వీధి నుంచి వచ్చే పాత రాగి జతను ముందు పూర్తిగా విడదీయాలి. అందులో ఇంకా ఎక్స్ఛేంజి కరెంటు ఉంటే కొత్త పెట్టె పోర్టు కాలిపోయే ప్రమాదం ఉంది. ఈ మాట ఇంటివాళ్లకు చెప్పే బాధ్యత ఎవరిదో ఏ ఒప్పంద పత్రంలోనూ నాకు కనిపించలేదు.

కరెంటు సంగతి ఇంతకన్నా పెద్దది. కంపెనీ నుంచి మన ఇంటి దాకా మధ్యలో ఉండే స్ప్లిటర్లకు విద్యుత్ అక్కరలేదు. ఒక తీగలోని వెలుగును 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచే గాజు ముక్కలవి. అంటే అవతల కంపెనీ గదిలో కరెంటు, ఇక్కడ మన పెట్టెకు కరెంటు ఉంటే చాలు, మధ్యలో వీధంతా చీకటైనా ఫోన్ పనిచేస్తుంది. ఆ పెట్టెకు కావలసింది 12 వోల్టుల చిన్న అడాప్టర్ శక్తి. వెయ్యి, రెండు వేల రూపాయల్లో దొరికే మినీ యూపీఎస్ దాన్ని గంటల పాటు నడుపుతుంది. మన ఊళ్లలో ఇన్వర్టర్ ఉన్న ఇళ్లకు కొదవలేదు. కానీ ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకూ లైట్లకూ ఇచ్చి, టీవీ వెనక ఉన్న ప్లగ్గుకు ఇవ్వరు. రౌటర్ ఉండేది సరిగ్గా ఆ ప్లగ్గులోనే. ఇన్వర్టర్ ఉండి కూడా కరెంటు పోగానే ఇంటి ఫోన్ మూగబోయేది ఇందుకే. ఇక కార్డ్‌లెస్ ఫోన్ అయితే దాని బేస్‌కు వేరే కరెంటు కావాలి. పెద్దవాళ్ల ఇంట్లో కనీసం ఒక తీగ ఫోన్ ఉండాలని నేను పట్టుబట్టేది దీనికోసమే.

బ్రిటన్‌లో రాగి ఫోన్ల నుంచి డిజిటల్‌కు మారుస్తున్నప్పుడు, ల్యాండ్‌లైన్ మీదే ఆధారపడ్డవాళ్లకు కరెంటు పోయాక కనీసం ఒక గంట పాటు అత్యవసర కాల్ చేసుకునే ఏర్పాటు కంపెనీలే చూపాలని అక్కడి నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ చెప్పింది. అమెరికాలో 2015లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఇంకాస్త ముందుకెళ్లి, కనీసం 8 గంటల బ్యాకప్‌ను వినియోగదారు కొనుక్కునే వీలు కల్పించాలంది, తర్వాత 24 గంటలది కూడా. హుద్‌హుద్ లాంటి తుపాను చూసిన తీరం మనది. 2014 అక్టోబరులో విశాఖలో కరెంటూ మొబైల్ సిగ్నలూ రోజుల తరబడి లేక జనం పడ్డ అవస్థ మరిచిపోయామా? అయినా కనెక్షన్ ఇచ్చేటప్పుడు "కరెంటు పోతే ఈ ఫోన్ పనిచేయదు" అన్న ఒక్క వాక్యం చెప్పడం కూడా మన దగ్గర ఆనవాయితీ కాలేదు.

ఈ బాధ అందరికన్నా ఎక్కువ తెలిసినవాళ్లు పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉండి, గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఒంటరిగా ఉంటున్న తల్లిదండ్రులు. "నాన్నా, పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతోందా? పక్కన బటన్ నొక్కి పట్టుకోండి" అని అర్ధరాత్రి అక్కడి నుంచి చెప్పడం, "ఏ బటనో నాకు తెలియట్లేదురా" అని ఇక్కడ ఆయన టెన్షన్ పడటం ఎన్ని ఇళ్లలో జరుగుతోందో! ఆ బటన్ రీసెట్‌ది అయి, ఎక్కువసేపు నొక్కితే ఇంకా పెద్ద సమస్య. చాలా పెట్టెల్లో ఇంటర్నెట్ లాగిన్, ఫోన్ సెట్టింగ్స్ అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఆ వివరాలు ఇంట్లో రాసి ఉంటే కొడుకే ఫోన్లో చెప్పి అరగంటలో పెట్టించగలడు. లేవు కాబట్టి మళ్లీ కంపెనీ మనిషి వచ్చేదాకా ఆ ఇంటికి నెట్ లేదు, ఫోన్ లేదు, వైఫై కాలింగ్ కూడా లేదు. సెల్ సిగ్నల్ సరిగా లేని ఫ్లాట్లలో మొబైల్ మోగడం కూడా ఈ మధ్య వైఫై కాలింగ్ మీదే నడుస్తోందని గుర్తుపెట్టుకోండి. ఒక్క పెట్టె ఆగితే మూడు దారులూ మూసుకుపోతాయి.

ఇక తాళంచెవి విషయం. జర్మనీలో 2016 ఆగస్టు 1 నుంచి అమల్లో ఉన్న చట్టం ఒకటుంది. కనెక్షన్ ఇచ్చే కంపెనీ తన రౌటర్‌నే వాడాలని బలవంతం చేయకూడదు. ఇంటర్నెట్‌కూ ఫోన్‌కూ కావలసిన లాగిన్ వివరాలను ఒప్పందం కుదిరిన రోజే, అడగకుండానే, ఉచితంగా ఇవ్వాలి. ఫోన్ వివరాలు కూడా అన్న మాట ముఖ్యం. ఎందుకంటే మన దగ్గర సొంత రౌటర్ పెట్టుకుంటామన్నవాళ్లకు ఇంటర్నెట్ వరకు ఎలాగో ఒప్పుకున్నా, ఫోన్ వివరాలు మాత్రం సాధారణంగా ఇవ్వరు. మా ఇంట్లో పెట్టించుకునేటప్పుడు నేను అడిగితే, అది ఇచ్చేది కాదు సార్ అన్న సమాధానమే వచ్చింది. ఎందుకు ఇవ్వరో, ఏ నిబంధన కింద ఇవ్వరో కాల్ సెంటర్ కూడా చెప్పలేదు.

కంపెనీల వాదన నాకు తెలుసు. జనం చేతికి సెట్టింగ్స్ ఇస్తే పాడుచేసుకుంటారు, ఆ ఫిర్యాదులు మళ్లీ మా మీదకే వస్తాయి, ఏదో చవక పెట్టె తెచ్చి తగిలిస్తే ఒకే ఫైబర్ మీద ఉన్న పక్క ఇళ్లకూ ఇబ్బంది, ఫోన్ లాగిన్ బయటపడితే మోసాలకు వాడతారు. ఇందులో పక్క ఇళ్ల విషయం కొంత నిజం. అందుకే ఫైబర్‌ను పట్టుకునే భాగం కంపెనీ దగ్గరే ఉండనివ్వండి. దాని వెనక ఉండే రౌటర్, వైఫై, ఫోన్ మాత్రం ఇంటివాళ్ల చేతిలో ఉండాలి. పెట్టెను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టడం అంటే ఇదే, ఇది కొత్త విద్య కాదు.

కంపెనీ చేతిలో ఉంటేనే భద్రం అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. అదే జర్మనీలో 2016 నవంబరులో జరిగింది చూడండి. అక్కడి అతిపెద్ద టెలికాం సంస్థ పంచిన రౌటర్ల మీద దాడి జరిగి సుమారు 9 లక్షల ఇళ్లలో ఇంటర్నెట్, ఫోన్, టీవీ దెబ్బతిన్నాయి. దాడి చేసినవాళ్లు తట్టిన తలుపు ఏది? కంపెనీ దూరం నుంచి రౌటర్లను నడపడానికి ఇంటర్నెట్ వైపు తెరిచి ఉంచిన దారి (నెట్‌వర్క్ పోర్టు). మన దేశంలో 2017 జులైలో బీఎస్ఎన్ఎల్ మోడెమ్‌లు వేల సంఖ్యలో ఆగిపోయాయి. డిఫాల్ట్ పాస్‌వర్డ్ మార్చని మోడెమ్‌లే ఎక్కువగా దెబ్బతిన్నాయని తేలాక, వెంటనే మార్చుకోండని సంస్థ ప్రకటించింది. ఒకే రకం పెట్టె, ఒకే రకం పాస్‌వర్డ్, అన్నీ ఒకే చేతిలో ఉంటే ఒక్క లోపం చాలు, ఊళ్లకు ఊళ్లు మూగబోతాయి. రకరకాల రౌటర్లు, ఎవరి పాస్‌వర్డ్ వాళ్ల దగ్గర ఉంటే దాడి అంత సులభంగా పాకదు.

ఈ పట్టు వెనక ఉన్నది భద్రత కన్నా వ్యాపారమే. మొబైల్ నంబర్ మార్చకుండా కంపెనీ మారే హక్కు 2011 జనవరి నుంచి దేశమంతటా ఉంది. ల్యాండ్‌లైన్‌కు ఆ హక్కు ఇప్పటికీ లేదు. నంబర్ కదలదు, పెట్టె వాళ్లది, లాగిన్ వాళ్లది. సర్వీసు నచ్చక మారాలనుకున్న మనిషి కొత్త నంబర్‌ను చుట్టాలందరికీ, బ్యాంకుకూ, ఆసుపత్రికీ మళ్లీ చెప్పుకోవాలి. అంత తలనొప్పి ఎందుకని అక్కడే ఉండిపోతాడు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే, ఇది రౌటర్‌తో ఆగదు. డిష్ టీవీ కనెక్షన్ ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చితే పాత సెట్‌టాప్ బాక్స్ పనికిరాని డబ్బా అవుతుంది. ఏ బాక్స్ అయినా ఏ ఆపరేటర్‌కైనా పనికొచ్చేలా ఉండాలని 2020లోనే మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సిఫారసు చేసింది. ఇళ్లలో ఇంకా ఆ మార్పు కనిపించలేదు. డబ్బు మనం కడతాం, చోటు మనం ఇస్తాం, కరెంటు మనం పోస్తాం, అధికారం మాత్రం ఇంకెవరిదో. మొబైల్ విషయంలో ఈ దేశం దీన్ని ఒకసారి దాటి వచ్చింది. 2003లో 501 రూపాయలకు చేతికొచ్చిన రిలయన్స్ సీడీఎంఏ ఫోన్లు ఆ కంపెనీకే కట్టుబడి ఉండేవి. నచ్చిన హ్యాండ్‌సెట్ కొనుక్కుని, నచ్చిన సిమ్ వేసుకునే పద్ధతే చివరికి గెలిచింది. ఇవాళ ఒక కంపెనీ వచ్చి, నా సిమ్ కావాలంటే నేనిచ్చిన హ్యాండ్‌సెట్టే వాడాలి, దాని లాక్ నా దగ్గరే ఉంటుంది అంటే ఒక్కరు కూడా ఒప్పుకోరు. ఇంటి ఫోన్‌కు మాత్రం ఎందుకు ఒప్పుకుంటున్నాం?

ట్రాయ్, టెలికాం శాఖ చేయాల్సింది పెద్ద పని కాదు. అడ్మిన్ పాస్‌వర్డ్, ఇంటర్నెట్ లాగిన్, ఫోన్ లాగిన్ మూడూ కనెక్షన్ రోజే రాతపూర్వకంగా ఇవ్వాలని ఒక ఆదేశం, కరెంటు పోతే ఫోన్ సంగతేమిటో చెప్పి, బ్యాకప్ కావాలా అని అడగాలని ఇంకొకటి, ల్యాండ్‌లైన్ నంబర్ పోర్టబిలిటీకి ఒక గడువు. ఏపీ ఫైబర్‌నెట్, తెలంగాణలోని టీ-ఫైబర్ ప్రభుత్వ సంస్థలే కాబట్టి ఢిల్లీ కోసం చూడకుండా మొదటి రెండూ తమ కనెక్షన్లకు ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.

ఆదేశం వచ్చేదాకా అడగడం మన వంతు. కనెక్షన్ పెట్టే మనిషి ఇంట్లో ఉండగానే ఆ వివరాలు కాగితం మీద రాయమనండి. 192.168.1.1 లాంటి అడ్రసు బ్రౌజర్‌లో తెరిచి, డిఫాల్ట్ అడ్మిన్ పాస్‌వర్డ్ మార్పించండి. పెట్టె ప్లగ్గును ఇన్వర్టర్ లైనుకో మినీ యూపీఎస్‌కో కలపండి. వివరాలు ఇచ్చేది లేదంటే కాల్ సెంటర్‌లో ఫిర్యాదు నమోదు చేసి డాకెట్ నంబర్ తీసుకోండి. అక్కడ తేలకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ ఉంటుంది, ట్రాయ్ నిబంధనల ప్రకారం ఉండి తీరాలి. అప్పీలుకు రుసుమేమీ లేదు.