కొంగల శాఖను తక్షణం ఏర్పాటు చేయాలి

రాష్ట్రంలో పిల్లలు తగ్గిపోతున్నారన్న బెంగకు ఇప్పుడు అధికారిక హోదా వచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున 1.7 మంది సంతానం. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఎక్కువ మందిని కనండని ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు 2024లో బహిరంగంగానే కోరారు. ఇద్దరికి మించి పిల్లలున్న వారు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయరాదన్న నిబంధనను కూడా ఆ ఏడాదే ఎత్తివేశారు. ఇవన్నీ మెచ్చుకోదగిన చర్యలే గానీ, వీటిలో ఎక్కడా కొంగల ఊసు లేకపోవడం గణాంకశాస్త్రం మీద భక్తి గల నా వంటి వాడిని కలవరపెట్టింది.

పిల్లల్ని కొంగలు ముక్కున కరచుకుని తెచ్చి ఇంట్లో వదిలి వెళతాయని ఐరోపాలో తాతమ్మలు మనవలకు చెబుతూ వచ్చారు. రాబర్ట్ మాథ్యూస్ అనే బ్రిటిష్ పండితుడు దీన్ని పుక్కిటి పురాణమని కొట్టిపారేయకుండా, 17 ఐరోపా దేశాల్లో ఎన్ని కొంగ జంటలున్నాయో, ఏటా ఎందరు పిల్లలు పుడుతున్నారో లెక్క తీసి 2000లో ప్రచురించారు. సహసంబంధ గుణకం 0.62 వచ్చింది. రెండు రాశులు కచ్చితంగా ఒకే గీత మీద నడుస్తూ కలిసి పెరిగితే ఈ గుణకం 1, ఒకటి పెరిగే కొద్దీ రెండోది అంతే కచ్చితంగా తగ్గితే -1, సరళరేఖ పొంతనే లేకపోతే 0 అన్నది డిగ్రీ మొదటి సంవత్సరంలోనే చెప్పే పాఠం. నిజంగా ఏ సంబంధమూ లేకుండా 17 దేశాల్లో ఇంత పొంతన యాదృచ్ఛికంగా కనబడే అవకాశం 125లో ఒక వంతు మాత్రమే. మన పూర్వులు కాకి వాలిన క్షణానే తాటిపండు రాలడం చూసి, అది కాకి పని కాదని తేల్చి, దానికి కాకతాళీయమని పేరు పెట్టి ఊరుకున్నారు. ఒక కాకి, ఒక పండుతో గుణకం కట్టడం కుదరదు కాబట్టి వారిని తప్పుపట్టలేము. వారి దగ్గర 17 చెట్లుంటే తర్కశాస్త్రం వేరే దారి పట్టేదేమో.

గుణకంతో తృప్తి పడకుండా నేను కనిష్ఠ వర్గాల పద్ధతిలో ప్రతిగమన రేఖ కూడా గీశాను. ప్రతి దేశపు చుక్కకూ గీతకూ నిలువునా ఉన్న దూరాన్ని వర్గం చేసి, వాటి మొత్తం అతి తక్కువయ్యేలా గీసే గీత అది. దాని వాలు ప్రకారం ఒక కొంగ జంట అదనంగా ఉంటే ఏటా 29 మంది పిల్లలు అదనం. అంటే మనకు ఏడాదికి మరో లక్ష మంది కావాలంటే దాదాపు 3,450 జంటలు చాలు. ఉప్పలపాడు చెరువుల్లోనూ, తేలినీలాపురం చింతచెట్ల మీదా ఇప్పటికే కొంగలకు ఆతిథ్యమిచ్చిన అనుభవం మనకుంది గనుక వసతి సమస్య కాబోదు. ఒక్క కొంగ కూడా లేని దేశంలో సైతం 2.25 లక్షల మంది పుడతారని అదే గీత చెబుతోంది. వారిని ఎవరు మోసుకొస్తారన్నది కొత్త శాఖకు అప్పగించదగిన తొలి పరిశోధన.

గీత చెప్పినట్టు నడుచుకోని దేశాల సంగతి కొంచెం చెప్పాలి. మాథ్యూస్ పట్టికలో పోలండ్‌కు 30,000 జంటలున్నాయి. లెక్క ప్రకారం అక్కడ పదిన్నర లక్షలకు పైగా పిల్లలు పుట్టాలి, పుట్టింది 6,10,000. అక్కడి కొంగలు జీతం తీసుకుని పని ఎగ్గొడుతున్నాయని అనుకోక తప్పదు. మొత్తం మీద జననాల హెచ్చుతగ్గుల్లో 38 శాతాన్నే కొంగలు వివరించగలవు, 0.62ను వర్గం చేస్తే వచ్చేది అంతే. మిగిలిన 62 శాతం బాధ్యతను ప్రస్తుతానికి దంపతులకే వదిలేద్దాం.

ఇక ఆక్షేపణలు. పిల్లలు పుడితే ఇళ్ళు పెరుగుతాయి, ఇళ్ళు పెరిగితే గూళ్ళకు కప్పులు దొరుకుతాయి, కాబట్టి పిల్లలే కొంగల్ని తెస్తున్నారని ఒకరన్నారు. అలా తిరగేసినా గుణకం 0.62గానే ఉంటుంది, దానికి ముందూ వెనకా తెలియదు. గీత మాత్రం మారిపోతుంది: నా గీతను తలకిందులు చేస్తే వెయ్యి మంది పిల్లలకు 35 జంటలు రావలసింది, కొత్తగా గీస్తే 13 జంటలే వచ్చాయి. శాఖ బడ్జెట్‌కు ఏది అనుకూలమైతే అది వాడుకోవచ్చు. పోలండ్, టర్కీ రెండింటినీ పక్కన పెట్టి మిగిలిన 15 దేశాలతో లెక్క కట్టి చూడమని ఇంకొకరు సలహా ఇచ్చారు. కట్టాను. గుణకం 0.16కు పడిపోయింది. ఇలాంటి సలహాలిచ్చే వారిని సమీక్షా సమావేశాలకు పిలవకూడదు.

విస్తీర్ణం గురించిన ఆక్షేపణ మాత్రం కాస్త గట్టిది. పెద్ద దేశంలో కొంగలూ ఎక్కువే, మనుషులూ ఎక్కువే. దేశ వైశాల్యానికీ జననాలకూ గుణకం 0.92 అని మాథ్యూస్ పట్టికతో లెక్క కడితేనే తేలుతుంది. పాఠ్యపుస్తకాలు దీన్ని దాగిన మూడో చలరాశి అంటాయి. ఈ వాదాన్నే ఒప్పుకుంటే పరిష్కారం మరీ సులువు: రాష్ట్రాన్ని పెద్దది చేయాలి. 2014 జూన్ 2న ఒక్క తల్లి కూడా కాన్పు వాయిదా వేసుకోకుండానే ఆంధ్రప్రదేశ్ ఖాతాలో ఏటా పుట్టే పిల్లల సంఖ్య పడిపోవడం మనమందరం కళ్ళారా చూసిందే.

సరిహద్దులు జరపడం కేంద్రంతో పని గనుక ముందు కొంగల దస్త్రమే కదలాలి. 3,450 జంటలకు నిధులు లేవని ఆర్థిక శాఖ అంటే, మాథ్యూస్ పట్టికలో ఇటలీ వరుసను చూపించాలి. అక్కడ ఉన్నవి ఐదు జంటలు, పుట్టినవారు 5,51,000 మంది. అంటే జంటకు లక్షా పది వేలు. అందులో ఒక్క జంటను డెప్యుటేషన్ మీద పంపమని రోముకు లేఖ రాస్తే, రానుపోను ఛార్జీలు, రోజువారీ చేపల భత్యంతో సరిపోతుంది.