థర్మాకోల్ కేకు

గుంటూరు రిసెప్షన్లలో ఇప్పుడు అయిదంతస్తుల కేకు లేనిదే వేదిక నిండదు. దగ్గరికెళ్లి చూస్తే లోపలంతా థర్మాకోల్, పైన చక్కెర ముద్ద పూత! కత్తి దిగడానికి మాత్రం ఒకచోట అసలు కేకు ముక్క ఇరికిస్తారు. వధూవరులు సరిగ్గా అక్కడే కోయాలి, కాస్త పక్కకు జరిగితే కరకరమని చప్పుడు. ఎండకు క్రీము కరుగుతుందంటారు. నిజమే, మే నెలలో మన ఊళ్లో మనుషులే కరుగుతారు. అందుకని అద్దెకు తెచ్చిన డొల్లకు వేలు పోయాలా? మొన్నొక పెళ్లిలో పిల్లలు పళ్లాలు పట్టుకుని దాని చుట్టూ ఎంతసేపు నిలబడ్డారో! వాళ్లకు ఎవరు చెప్పాలి? ఆ డబ్బుతో బందరు లడ్డూలు, ఆత్రేయపురం పూతరేకులు తెప్పిస్తే అందరూ తృప్తిగా తినేవారు. పైగా ఫొటోల కోసం అందరినీ దాని ముందే నిలబెడతారు. ఈలోపు విస్తట్లో గోంగూర పప్పు చల్లారిపోతుంది.